లెక్కల కొట్టునకు దుబాసి



గడచిన పుష్యమాసమున నొక పొలము లెక్కకు నకలు కావలసి, మా యూరికి నాలుగు కోసుల దూరమున నున్న యొక కార్యాలయమునకు పోయితిని. తొలిబస్సున పోవుటచే వరుసలో నేను రెండవవాడను. నాకు ముందొక ముదుసలి అవ్వ నిలిచియుండెను. గుమాస్తా యంత్రము ముందు కూర్చుండి ఆమె సర్వే నెంబరు నొక్కెను. తెరమీద ఇంగ్లీషున నేదో వచ్చెను. "కనెక్షను లేదవ్వా, రేపు రా" అనెను. నాకును అదే సమాధానము. నేను అరుగుమీద కూర్చుండి చూచుచుండగా, ఒక గడియ గడచినపిమ్మట వచ్చినవారికి నకళ్లు చకచక వెలువడసాగెను. అవ్వ యప్పటికే తిరుగుబస్సెక్కి పోయెను. ముందు వచ్చినవారికి లేని కనెక్షను వెనుక వచ్చినవారి కెట్లు కలిగెను? అరుగుమీది పెద్దలలో నొకరు "ఏముంది, చేయి తడిపియుందురు" అనిరి. నేనును కొంతసేపు అట్లే తలచితిని.

అది నిజము కాదు. గుమాస్తాయందు దోషము లేదు. ఈ సంగతిని నా పూర్వశిష్యుడొకడు, జావా అను భాషలో ఇట్టి ప్రోగ్రాములు వ్రాసి జీవించువాడు, విడమఱచి చెప్పెను. అతడు చెప్పినదానికి నేను చదివి తెలిసికొన్న చరిత్రమును జేర్చి, ఈ కనెక్షను అనునది ఎట్లు పుట్టెనో, ఎందు కొక్కొకప్పుడు తెగునో నేడు మనవి చేయుదును.

మన తండ్రుల కాలమున ఊరి లెక్క కరణముగారి యింట నుండెడిది. అడంగలు ఏ పెట్టెలో, ఏ కట్టలో నున్నదో ఆయనకు తెలియును. ఆయన లేనినాడు కట్టలు కన్నుల యెదుట నున్నను లెక్క దొరకెడిది కాదు. 1984లో కరణీకము రద్దయి కట్టలు చేతులు మాఱినప్పుడు ఈ చిక్కును మనలో పలువు రనుభవించినవారే. ఆశ్చర్యమేమన, అమెరికాలో కంప్యూటరులయందు లెక్కలు నిలువచేయ మొదలిడిన 1960 తరువాతి సంవత్సరములలో వారికిని ఇదే చిక్కు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చార్లెస్ బాక్‌మన్ అనునతడు ఒక డేటాబేసును, అనగా లెక్కల కొట్టును, నిర్మించెను. చంద్రమండల యాత్రకై కట్టిన అపోలో నౌక సామగ్రి లెక్క కొఱకు ఐ.బి.ఎం. సంస్థవారు మఱియొకటి నిర్మించిరి. రెండింటను ప్రోగ్రాము తానే దారి నెఱిగియుండవలెను. ఈ చీటీనుండి ఆ చీటీకి, ఆ చీటీనుండి దాని క్రింది చీటీకి, దారము పట్టుకొని పోవలెను. కొట్టులో కట్టల యమరిక మార్చినచో, దానిని నమ్ముకొన్న ప్రోగ్రాములను మరల వ్రాయవలసి వచ్చుచుండెను.

1970 జూన్ మాసమున, ఆ ఐ.బి.ఎం. సంస్థకే చెందిన కాలిఫోర్నియాలోని పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను ఆంగ్లేయుడు ఒక వ్యాసము ప్రకటించెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానము నడపినవాడు, గణితవేత్త. ఆతని వాదమును మన మాటలలో చెప్పవలెనన్న నిట్లుండును: లెక్క లన్నిటిని పట్టికలుగా నుంచుడు. పట్టాదారులది యొక పట్టిక, పొలములది యొక పట్టిక. రెంటను వ్రాసియున్న పట్టా నెంబరే వానికి సంబంధము గాని, ఒకదానినుండి యొకదానికి కట్టిన దారము గాదు. అడుగువాడు తనకేమి కావలెనో అడుగును. ఎట్లు వెదకవలెనో యంత్రమే చూచుకొనును. అనగా కరణముగారి జ్ఞాపకమును కరణముగారి తలనుండి తీసి కొట్టులోనే పెట్టుట.

ఐ.బి.ఎం. వారు దీనిని అమ్మకమునకు తెచ్చుటకు తొందరపడలేదు. అయినను వారి యొద్దనే 1974లో చాంబర్లిన్, బాయిస్ అను నిద్దఱు ఇట్లడుగుటకు ఒక భాషను కల్పించి 'సీక్వెల్' అని పేరిడిరి. ఆ పేరు ఇంగ్లండులోని యొక విమాన సంస్థ సొత్తని తెలిసి, అక్షరములు తగ్గించి 'ఎస్.క్యూ.ఎల్.' అనిరి. కాడ్ వ్యాసమును చదివిన ఇతరులు ముందుగా బజారున కెక్కిరి. 1979లో ఒరాకిల్ అను సరుకు వెలువడెను. దాని మొదటి యమ్మకమునకే 'రెండవ కూర్పు' అని పేరు పెట్టిరి. మొదటి కూర్పును కొనుట కెవ్వరు సాహసింతురని కాబోలు! 1986లో ఎస్.క్యూ.ఎల్. అమెరికా దేశపు ప్రమాణ భాషయయ్యెను.

భాష ఒక్కటియైనను వాకిళ్లు వేఱు. ఒరాకిల్ వాకిట పలుకరించు మర్యాద యొకటి, ఇతరుల వాకిట మఱియొకటి. మొదటి మాటగా నేమి పంపవలెను, సంకేతపదము నెట్లు చెప్పవలెను, జవాబు నే పొట్లములలో నందుకొనవలెను అనునవి యొక్కొక్క సంస్థ తన యిచ్చవచ్చినట్లు నిర్ణయించుకొనెను. ఇచ్చట దుబాసి యవసరమయ్యెను. దుబాసి యన్నమాట సంస్కృతపు ద్విభాషియే. చెన్నపట్టణమున కుంఫిణీ దొరలకును, మనవారికిని నడుమ నిలిచినవారు దుబాసీలు. కాశీయాత్ర చరిత్రను వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇట్టి యుద్యోగమే చేసిరి. కంప్యూటరువారు ఇట్టి దుబాసిని 'డ్రైవరు' అందురు. బస్సు డ్రైవరునకును, దీనికిని పొత్తులేదు. 1992లో మైక్రోసాఫ్టు సంస్థ 'ఓ.డి.బి.సి.' అను నేర్పాటును తెచ్చెను. ప్రోగ్రాము ఒకే తీరున మాటలాడును. ఏ కొట్టునకు తగిన దుబాసి ఆ కొట్టు మర్యాదలో దానిని విన్నవించును.

1995 మే మాసమున సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావా భాషను లోకమునకు చాటెను. జేమ్స్ గోస్లింగ్ దాని కర్త. మొదట 'ఓక్', అనగా సిందూరవృక్షము, అని పేరిడిరి. అది యితరుల సొత్తగుటచే విడిచి, కాఫీకి ప్రసిద్ధి గాంచిన జావా దీవి పేరు పెట్టిరి. రామాయణమున సుగ్రీవుడు సీతను వెదకుటకు వానరులను పంపునపుడు పేర్కొనిన యవద్వీపమే యీ జావా యని పలువురి తలంపు. 1997 ఫిబ్రవరి 19వ తేదీన వెలువడిన దాని 1.1 కూర్పులో 'జె.డి.బి.సి.' చేరెను. అదియును దుబాసీల యేర్పాటే. మొదట జావాకు స్వంత దుబాసీలు చాలక, ఓ.డి.బి.సి. దుబాసీలపైకి వంతెన వేసికొనిరి. పిమ్మట జావాలోనే పూర్తిగా వ్రాసిన దుబాసీలు రాగా, 2014లో ఆ వంతెనను తొలగించిరి.

ఇక నొక ప్రోగ్రామునకు కొట్టుతో సంధానము చేయు విధము. దుబాసి యున్న పెట్టెను తగినచోట నుంచవలెను. కొట్టు చిరునామా వ్రాయవలెను: ఏ యంత్రము, ఏ ద్వారము, ఏ పేరుగల కొట్టు. ద్వారమునకు అంకె యుండును. ఒరాకిల్‌కు వాడుకగా 1521, మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. పిదప లోని కనుమతింపబడినవాని పేరు, సంకేతపదము. తొలినాళ్లలో ప్రోగ్రాము తన దుబాసిని పేరుపెట్టి పిలిచి మేలుకొలుపవలసియుండెను. 2006 డిసెంబరునుండి పెట్టెలో నుండినచాలును, తానే మేలుకొనును. చిరునామాను ప్రోగ్రాము కడుపులో వ్రాయుట మాత్రము తెలివిగలవారి పని కాదు. టాంక్యాట్ వంటి సర్వరునందు వేఱొక కాగితముమీద దానిని వ్రాసి, దానికొక పేరుంచి, ప్రోగ్రామున ఆ పేరునే పలుకుదురు. కొట్టు వేఱొక యంత్రమునకు మాఱినచో కాగితము మార్చినజాలును. కాడ్ 1970లో కట్టల విషయమున చెప్పినమాటనే వీరు వాకిలి విషయమున పాటించిరన్నమాట.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని వాకిలి తెఱచుటకు వ్యయము కలదు. తంతి కలుపుట, సంకేతపదము సరిచూచుట, చోటు కల్పించుట, ఇవన్నియు నైనపిమ్మట అడుగు ప్రశ్న చిటికెడు. వేలమంది యొక్కమాఱు వచ్చి తలుపు తట్టినచో కొట్టు తాళజాలదు. కొందఱిని మించి లోనికి రానీయదు. వేఱుగా చెప్పనియెడల మైఎస్‌క్యూఎల్ 151, పోస్ట్‌గ్రెస్ 100 సంధానములకు లోబడును. కావున కొన్ని సంధానముల ముందే తెఱచి యుంచి, వచ్చినవారికి ఎరవిచ్చి, పని తీఱినంతనే తిరిగి పుచ్చుకొను పద్ధతి యేర్పడెను. దీనిని 'కనెక్షను పూల్' అందురు. మా పండితులలో నొకరు కనెక్షనులకు పూలు పూయునా యని నన్నడిగిరి. ఇంగ్లీషున పూల్ అనగా మడుగు.

టాంక్యాట్ మడుగున వాడుకగా నుండునవి 8 మాత్రమే. ఊరిబావికడ ఎనిమిది చేదలున్నవనుకొనుడు. తోడుకొన్నవారు చేదను గిలకకడ విడువక యింటికి గొనిపోయినచో తొమ్మిదవవాని గతియేమి? ప్రోగ్రాము వ్రాయువారు తఱచు చేయు తప్పిది. ముఖ్యముగా నడుమ నేదేని పొరపాటు జరిగి ప్రోగ్రాము దారితప్పినపుడు, తిరిగి యిచ్చుమాట మఱచిపోవుదురు. 2011లో జావా యేడవ కూర్పున, పని ముగియగనే సంధానము తానై మూసికొనునట్లు ఒక వాక్యనిర్మాణమును చేర్చిరి. అయినను దానిని వాడనివారు నేటికిని కలరని నా శిష్యుడు వాపోవుచుండును.

మేమున్న కార్యాలయమున జరిగినది మాత్రము వేఱు. అచ్చటి కొట్టు మైఎస్‌క్యూఎల్. తనతో 28,800 సెకండ్లు, అనగా 8 గంటలు, మాటలాడక యూరకున్న సంధానమును అది తనంతట త్రెంచివైచును. ఇది దాని వాడుక నియమము. కార్యాలయము సాయంకాల మైదింటికి మూసిరి. రాత్రి యొంటిగంటకు కొట్టు తన వైపున తాళ్ల నన్నిటిని కోసివేసెను. మడుగున కీ సంగతి తెలియదు. చేదలు వరుసగానే యున్నవని తలచుచుండెను. ఉదయమున అవ్వకు మొదటి తెగిన త్రాడు చిక్కెను. నాకు రెండవది. తెగినదని తేలినదానిని పాఱవైచి మడుగు క్రొత్తదానిని కల్పించుకొనును గాని, ఆ తేలుట ఎవరో యొకరి పని చెడినపుడే. చచ్చిన తాళ్లన్నియు అయిపోవువఱకు వచ్చినవారెల్ల తిరిగిపోవలసినదే. పిమ్మట వచ్చినవారు అదృష్టవంతులు. లంచమునకు తావే లేదు. ఎవరు ముందు లేచి వచ్చిరో వారికే కీడు.

దీనికి విఱుగుడు రెండు పంక్తులు. ఎరవిచ్చుటకు ముందు త్రాటి నొకసారి లాగి చూడుమని మడుగునకు చెప్పుట మొదటిది. లాగి చూచుటకు కొట్టును "ఒకటి అనుము" అని యడుగుమనుట రెండవది. కొట్టు ఒకటి యన్నచో త్రాడు గట్టిది. పలుకకున్నచో దానిని పాఱవైచి వేఱొకటి తెచ్చియిచ్చును. అడుగవచ్చినవాని కీ సంగతియే తెలియదు. నా శిష్యుడు ఆ ప్రోగ్రామును చూచుకొనువారిలో తన యెఱుకగలవాని కీ మాట చెప్పగా, వారు కాగితము తీసి చూచి, ఆ రెండు పంక్తులు లేవని యొప్పుకొని చేర్చిరి. మూడు నిమిషముల పని.

శివరాత్రి వెళ్లినపిమ్మట నేను మరల తొలిబస్సున పోయితిని. ఆనాడు వరుసలో నేనే మొదటివాడను. గుమాస్తా నెంబరు నొక్కగనే నకలు వచ్చెను. అవ్వ జాడ యడిగితిని. గుమాస్తాకు జ్ఞాపకము లేదు; ఆమె ఏ యూరిదో ఆనాడు నేనును అడిగినవాడను గాను.