పట్టు లేని టైర్లు, బలం లేని కారు

డ్రిఫ్టింగ్ అనగానే మనకి పొగ, చప్పుడు, పెద్ద ఇంజను గుర్తొస్తాయి. పుట్టుక చూస్తే కథ వేరు. అది లేమిలోంచి వచ్చింది.

జపాన్ వాళ్ళు ఈ కథలో మొదట చెప్పే పేరు కునిమిత్సు తకహాషి. ఆయన ముందు మోటర్ సైకిల్ రేసర్. 1961లో జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో 250 సీసీ హోండా మీద నెగ్గి, ప్రపంచ గ్రాండ్ ప్రీ గెలిచిన తొలి జపనీయుడయ్యాడు. మరుసటి ఏడు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఘోరంగా పడ్డాడు. తర్వాత కార్లకి మారి నిస్సాన్ స్కైలైన్ నడిపాడు. ఆనాటి బయాస్ ప్లై టైర్లకి పట్టు తక్కువ, మలుపులో ఎలాగూ జారేవి. జారకూడదంటే వేగం తగ్గించాలి. ఈయన తగ్గించేవాడు కాదు. మలుపు నడిమికి చేరకముందే కారుని జారనిచ్చి, ముక్కు అప్పుడే బయటికెళ్ళే దారి వైపు పెట్టుకుని, యాక్సిలరేటర్ తొక్కుకుంటూ దాటేసేవాడు.

ఆయన్ని చూసి నేర్చుకున్నవాడు కెయిచి త్సుచియా. నగానో కొండప్రాంతం వాడు. అక్కడి కొండదారుల్ని తోగే అంటారు, మన ఘాట్ రోడ్లే అనుకోండి. అతనికి పేరు తెచ్చిన కారు టయోటా ఏఈ86. 1.6 లీటర్ల ఇంజను, కాగితం మీద 130 గుర్రాల బలం, బరువు టన్ను లోపు. 1987లో ప్లస్పీ అనే వీడియోలో కొండదారి మీద అతని డ్రైవింగ్ చూసి జపాన్ కుర్రకారు వెర్రెత్తిపోయింది. (ఆ రోజుల్లో లోయలోకి పోయిన కార్ల సంగతి అభిమానులు అంత ఉత్సాహంగా చెప్పరు.)

నాకు ముఖ్యమనిపించేది ఇక్కడే ఉంది. ఆ చిన్న ఇంజను తన బలంతో వెనక చక్రాల్ని జారించలేదు. కాబట్టి బరువుతో ఆడుకోవాలి. మలుపు ముందు బ్రేకు నొక్కితే బరువు ముందుకొస్తుంది, వెనక తేలికవుతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పాలి. లేదా ముందు అవతలి వైపుకి ఒక్క విసురు విసిరి, వెంటనే ఇవతలికి తిప్పాలి. క్లచ్ ఒక్కసారి తన్ని వదిలితే చక్రాలకి కుదుపు తగిలి పట్టు వదులుతాయి. జారడం మొదలయ్యాక స్టీరింగ్ జారే వైపుకే తిరగాలి. చాలావరకు అదే తిరుగుతుంది, చేతులు అడ్డుపడకపోతే చాలు. కళ్ళు మాత్రం వెళ్ళాల్సిన చోటు మీదుండాలి.

కాలిఫోర్నియాలో మా అక్క కొడుకు పాత కారు ఒకటి కొని, "మామయ్యా, ముందు టర్బో పెట్టించనా?" అన్నాడు. వద్దన్నాను. ముందు కావలసింది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. అది లేకపోతే లోపలి చక్రం ఒక్కటే వృథాగా తిరిగి, కారు జారకుండానే చతికిలపడుతుంది. తర్వాత ఒళ్ళు కదలనివ్వని సీటు, సరిగ్గా పట్టే హ్యాండ్ బ్రేకు, ముందు మంచి టైర్లు, వెనక అరిగిపోయినా బాధపడక్కర్లేని టైర్లు. ఇంజను సంగతి ఆఖర్న. ఇవన్నీ రోడ్డు మీద కాదు, ట్రాకు మీద. ఇక్కడ కూడళ్ళు ఆక్రమించి జనం మధ్య కార్లు గిరగిరా తిప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది డ్రిఫ్టింగ్ కాదు.

2000లో జపాన్‌లో డీ1 పోటీలు మొదలయ్యాయి. గడియారంతో కాదు; మొదట్లో వేగం, కోణం, గీత చూసి మనుషులే మార్కులు వేసేవారు. 2003లో అవి లాస్ ఏంజెలెస్ దగ్గరి ఇర్విండేల్‌కి వచ్చాయి. 2004లో అమెరికాకి సొంత ఫార్ములా డ్రిఫ్ట్ వచ్చింది. ఇప్పుడు అందులో వెయ్యి గుర్రాల బలమున్న కార్లూ తిరుగుతున్నాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ, నేర్చుకునేవాడికి ఆ బలం తప్పుల్ని పొగలో దాచేస్తుంది.

గురుశిష్యులిద్దరూ 1995లో లె మాన్స్ 24 గంటల రేసులో అకిరా ఈదాతో కలిసి ఒకే హోండా ఎన్ఎస్ఎక్స్ నడిపారు. జట్టు తకహాషిదే. ఆయనకప్పుడు 55 ఏళ్ళు. ఆ ఏడు రేసులో చాలాభాగం వాన. జీటీ2 తరగతిలో వాళ్ళే మొదట వచ్చారు.