రెండు సెంట్ల కానుక, ఆరు నెలల తీర్మానము



వికారాబాదు లైనులో వచ్చి నాంపల్లి స్టేషనులో దిగే మన వాళ్ళకు ఛాపెల్ రోడ్డు కొత్త కాదు. ఆడపిల్ల సీటు కోసమో, కాన్ఫరెన్సు కూడికలకో అబిడ్స్ వైపు వెళ్తుంటే స్టాన్లీ బాలికల పాఠశాల కనబడుతుంది. 1895లో మెథడిస్టు మిషనరీలు పెట్టిన బడి అది. "స్టాన్లీ అంటే ఎవరయ్యగారూ, ఏ దొర?" అని మన సంఘంలో ఒక తల్లి అడిగింది. దొర కాదమ్మా, దొరసాని. ఎలిజబెత్ కె. స్టాన్లీ అనే అమెరికా స్త్రీ పేరు అది. ఆ పేరు ఆ గోడ మీదికి ఎలా వచ్చిందో చెప్పాలంటే అమెరికా ప్రజల చరిత్రలోకి కొంచెం దూరం వెళ్ళాలి. దారిలో మనకు నచ్చని సంగతులు కూడా తగులుతాయి.

"అమెరికా దొరలు" అని మన పెద్దలు అంటుంటే వాళ్ళు పరలోకం నుండి నేరుగా దిగి వచ్చినట్టు అనిపిస్తుంది. వాళ్ళూ ఒక నేల మీది మనుష్యులే. 1607లో ఇంగ్లీషువాళ్ళు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ కట్టారు. 1619లో అదే వర్జీనియాకు ఆఫ్రికా నుండి చెరపట్టబడినవారిని ఓడలో తెచ్చి అమ్మారు. ఆ మరుసటి ఏడే, 1620లో, మనస్సాక్షి ప్రకారం దేవుని ఆరాధించుకోవాలని మేఫ్లవర్ ఓడలో యాత్రికులు వచ్చారు. స్వేచ్ఛ వెదకిన ఓడ, సంకెళ్ళు మోసిన ఓడ, రెండూ ఒకే తీరానికి చేరాయి.

ఆ నేల మీద అంతకు ముందే వేరే జనులు ఉన్నారు. జాన్ ఎలియట్ అనే పాదిరి వారి భాష నేర్చుకుని, 1663 నాటికి బైబిలు అంతా వారి మాటల్లో అచ్చు వేయించాడు. అమెరికాలో అచ్చయిన మొదటి బైబిలు ఇంగ్లీషుది కాదు, ఇదే. ఎంత సంతోషం! కాని 1675లో తెల్లవారికీ ఆ జనులకూ యుద్ధం వచ్చినప్పుడు, బాప్తిస్మము పొంది ప్రార్థన చేసుకుంటున్నవారిని కూడా అనుమానించి, బోస్టన్ దగ్గర డీర్ ఐలండ్ అనే ద్వీపంలో పెట్టారు. ఆ చలికాలంలో చాలామంది ఆకలితోనే చనిపోయారు. అదే బైబిలు, అదే ప్రభువు. యుద్ధం రాగానే చూసినది మాత్రం పుట్టుకనే.

ఇక మన మెథడిస్టుల సంగతి. 1784 క్రిస్మసు రోజుల్లో బాల్టిమోరులో బోధకులు కూడి అమెరికాలో మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘాన్ని ఏర్పాటు చేశారు. దాసత్వము పాపమని వెస్లీగారు 1774లోనే పుస్తకం రాశారు కాబట్టి, వీళ్ళూ ధైర్యంగా ఒక నియమం పెట్టారు. దాసులున్న సభ్యుడు వారిని విడుదల చేసే పత్రం రాయాలి, లేకపోతే సంఘం విడిచి వెళ్ళాలి. మంచి నియమం. ఆరు నెలలు నిలవలేదు. సభ్యులు అలుగుతారని, కానుకలు తగ్గుతాయని, సువార్తకు తలుపులు మూసుకుంటాయని భయపడి 1785లో దాన్ని వాయిదా వేశారు. తీసివేశామని ఎవరూ అనలేదు. అదే నాకు బాధ కలిగిస్తుంది. తప్పు అని ఒప్పుకొని, ఇప్పుడు కాదు అన్నారు.

ఆ "ఇప్పుడు కాదు" ఎక్కడికి దారి తీసిందో చూడండి. కొన్ని ఏండ్లకే ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో (మన అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ కాదు, అది మొదట ఆంగ్లికన్లది) నల్లజాతి విశ్వాసులు మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగానే, ఇది మీ చోటు కాదంటూ ఒకనిని పట్టి లేపారు. ప్రార్థన అయ్యేదాకా కూడా ఆగలేదు. వారిలో రిచర్డ్ ఆలెన్ అనే బోధకుడు ఉన్నాడు. దాసుడుగా పుట్టి, కష్టపడి సంపాదించి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నవాడు. వాళ్ళంతా లేచి బయటికి నడిచారు. 1816లో ఆలెన్ నాయకత్వంలో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం ఏర్పడింది. 1844లో ఒక బిషప్పుకే దాసులు ఉన్నారని తేలి, ఆయన పదవిలో ఉండవచ్చా లేదా అన్న వాదన మీద మెథడిస్టు సంఘం ఉత్తరం, దక్షిణం అని రెండుగా చీలింది. 1861లో దేశమే చీలి యుద్ధానికి దిగింది. 1865లో రాజ్యాంగ సవరణతో దాసత్వము రద్దయింది. బాల్టిమోరు వాయిదాకు అప్పటికి 80 ఏండ్లు.

విలియం టేలర్ 1870లో మన దేశానికి వచ్చేసరికి ఆ యుద్ధం ముగిసి అయిదేండ్లే. వర్జీనియాలో పుట్టి, బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో ప్రసంగించినవాడు. సంఘం తన ఖర్చు తానే భరించాలన్నది ఆయన పట్టుదల. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. టేలర్ మొదలుపెట్టిన ఉద్యమం ఆ కాలంలోనే నిజాం రాజ్యానికి చేరింది. మొదట ఇంగ్లీషు మాట్లాడేవారి మధ్య సాగిన పని తరువాత పల్లెలకు, మన మాలవాడలకు, మాదిగవాడలకు వచ్చింది.

డబ్బు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. 1869 మార్చిలో బోస్టన్‌లో కొద్దిమంది మెథడిస్టు స్త్రీలు కూడి స్త్రీల విదేశీ మిషనరీ సొసైటీని ప్రారంభించారు. ఒక్కొక్కరు వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన. అంతే లెక్క. మార్కు సువార్తలోని విధవరాలు మీకు గుర్తుకు రావాలి, ఆమెవీ రెండే కాసులు. ఆ డబ్బుతోనే ఇసబెల్లా థోబర్న్, డాక్టర్ క్లారా స్వెయిన్ ఉత్తర ఇండియాకు వచ్చారు. ఛాపెల్ రోడ్డులో ఆడపిల్లల బడి లేవడానికి వెనుక ఉన్నది కూడా ఇటువంటి స్త్రీల కానుకలే. ఇదే స్త్రీలలో ఐదుగురిని 1888లో సర్వసభకు ప్రతినిధులుగా ఎన్నుకుంటే, స్త్రీలకు ఇక్కడ కుర్చీ లేదని సభ తిప్పి పంపింది. కానుక కావాలి, కుర్చీ మాత్రం కుదరదు! 1904లో గాని వాళ్ళు ఆ సభలో కూర్చోలేదు. దేశమంతటా స్త్రీలకు ఓటు 1920లో వచ్చింది.

అమాండా స్మిత్ పేరు మీలో చాలామంది విని ఉండరు. 1837లో మేరీల్యాండులో దాసురాలిగా పుట్టింది. ఆమె తండ్రి పగలు యజమానికి పని చేసి, రాత్రులు చీపుర్లు, చాపలు అల్లి అమ్మి, ఇంటిల్లిపాదినీ విడిపించాడు. ఆ చీపుర్లు కట్టినవాని కూతురు 1879 నుండి 1881 వరకు మన దేశంలో సువార్త ప్రకటించింది. ఆమె ఆత్మకథకు ముందుమాట రాసినది థోబర్న్ బిషప్పుగారే.

సంఘ సంస్కర్తలకూ చూపు అందని చోట్లు ఉన్నాయి. మద్యపాన నిషేధం కోసం, స్త్రీల ఓటు కోసం పోరాడిన ఫ్రాన్సెస్ విల్లార్డ్, 1888లో సభ తిప్పి పంపిన ఐదుగురిలో ఒకరు. నల్లవారిని మూకలు పట్టి చంపుతున్న రోజుల్లో ఆమె మాటలు సరిగా లేవని ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి విలేఖరి బహిరంగంగా తప్పుపట్టింది. అయినా పని ఆగలేదు. మూసీ వరద వచ్చిన 1908లోనే మెథడిస్టు సంఘం, పిల్లలతో ఫ్యాక్టరీ పని చేయించడం మానాలని, కూలికి బ్రతకదగిన జీతం ఇవ్వాలని సామాజిక విశ్వాస ప్రమాణము చేసింది.

1939లో ఉత్తర, దక్షిణ సంఘాలు మళ్ళీ ఒకటయ్యాయి. ఒకటవుతూనే నల్లవారి సంఘాల్లో చాలావాటిని వేరు చేసి, సెంట్రల్ జురిస్‌డిక్షన్ అని ఒక ప్రత్యేక విభాగంలో పెట్టాయి. ఆ గోడ 1968 దాకా ఉంది. మన స్టాన్లీ బడికి అప్పటికి 70 ఏండ్లు దాటాయి.

ప్రియులారా, ఆ దేశం మీద రాయి వేయడానికి ఇది రాయలేదు. మన ఊరిలో రెండు వీధులున్నాయి. రెండింటిలోనూ ఒకే కీర్తనలు పాడతాము, ప్రభువు బల్లలో చేయి చాపుతాము. కోత పండుగ ప్రేమ విందుకు మాత్రం రెండు పొయ్యిలు వెలుగుతాయి, రెండు చోట్ల కూర్చుంటాము. ఈ యేడు ఒకే వంట, ఒకే పంక్తి అని సంఘ పెద్దలు ఈ నెల కూడికలో మాట పెడుతున్నారు. కొందరు వచ్చే యేటికి చూద్దామయ్యగారూ అంటున్నారు. వచ్చే యేడు అనే మాట తప్ప వేరే ఏ అభ్యంతరమైనా ఆ కూడికలో చెప్పండి, కూర్చుని వింటాను.