కందీలు నుండి క్యాండెలా దాకా

"కరదీపిక" అనగానే నేటి విద్యార్థికి పరీక్షల గైడు స్ఫురిస్తుంది. చేతిలో పట్టుకొనే దీపమన్న తొలి అర్థాన్ని ఆ మాట ఎన్నడో వదలుకొన్నది. ఆంగ్లంలో టార్చి అన్నా మొదట కాగడాయే. మా నస్పూరు వైపు టార్చిలైటును "బ్యాటరీ" అనీ, లాంతరును "కందీలు" అనీ అంటారు. లాటిన్ "క్యాండెలా" అరబ్బీ, ఉర్దూల మీదుగా నడచివచ్చి మన వాకిట కందీలై వెలిగింది. మీ ప్రాంతపు మాటలేవో మిత్రులే చెప్పాలి.

సాయంకాలం నడకకు వెళ్ళే నా యీడువారు "ఏ బ్యాటరీ కొనమంటారు పంతులు గారూ?" అని తరచుగా అడుగుతారు. ఎంత వెలుగైతే అంత క్షేమమని వారి నమ్మకం. బొగ్గుబాయిల చరిత్ర వేరొక మాట చెబుతుంది.

1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో గాలి అంటుకొని 92 మంది మరణించారు. నిప్పులేని దీపం అప్పటికి లేదు. 1815లో హంఫ్రీ డేవీ మంటచుట్టూ సన్నని తీగవల అమర్చాడు. మంట వేడిని వల గ్రహించడంతో వెలుపలి వాయువు అంటుకొనేది కాదు. పైగా లోపలి మంట నీలిరంగుతో పొడవెక్కితే ప్రమాదం ఉన్నట్లే! ఆ దీపం మసకదే. కాని అది హెచ్చరించే దీపం. అయితే దాన్ని నమ్ముకొని మరింత ప్రమాదకరమైన చోట్లకు దిగినందువల్ల తరువాతి దశాబ్దాలలోనూ ప్రేలుళ్ళు ఆగలేదు. సాధనం ఉన్నదన్న ధీమా జాగ్రత్తకు బదులు కాదన్నమాట.

1914 ప్రాంతంలో ఎడిసన్ నడుముకు బ్యాటరీ, టోపీకి దీపం ఉండే అమరికను రూపొందించాడు. మన సింగరేణి కార్మికుని తలపై వెలిగింది ఆ వంశపు దీపమే. గనులలో దీపాలకు అంకెలుంటాయి. ఇచ్చినదీ తిరిగి వచ్చినదీ లెక్క వ్రాస్తారు. షిఫ్టు ముగిసినా ఒక దీపం రాలేదంటే ఒక మనిషి కోసం వెదకాలన్నమాట!

చేతి టార్చికి 1899లో డేవిడ్ మిసెల్ అమెరికాలో పేటెంటు పొందాడు. ఆనాటి బ్యాటరీలు బలహీనం. కాసేపు మెరిపించి ఆర్పవలసి వచ్చేది గనుక అక్కడ దానికి "ఫ్లాష్ లైట్" అన్న పేరు నిలిచింది. 1990లలో నీలికాంతి ఎల్.ఇ.డి. సాధ్యమై, దానినుండి తెల్లని వెలుగు వచ్చింది. 2014 నోబెల్ బహుమతి ఆ నీలికాంతికే.

ఇప్పుడు ఎంపిక సంగతి. డబ్బామీద రెండు అంకెలుంటాయి. ల్యూమెన్ మొత్తం వెలుగు. క్యాండెలా ఒకే దిక్కున దాని తీవ్రత. మన కందీలుకు ఇది తోబుట్టువే! నడకకు నూరు, రెండు వందల ల్యూమెన్లు చాలు. దూరాన్ని గ్రుచ్చే సన్నని కిరణంకంటె కాళ్ళముందు పరచుకొనే వెలుగు మేలు. ఎదుటివాని కళ్ళలో కొట్టే వెలుగు మనకే చేటు. కళ్ళు చెదరిన లారీ డ్రైవరుకు మనం కనబడం.

టోపీ దీపం బాయిలో అవసరం, అక్కడ చేతులు పనిలో ఉంటాయి. నడకలో మాత్రం దీపం నడుము ఎత్తున ఉండాలి. ఏటవాలు వెలుగులో గుంతకూ రాయికీ నీడ పడి స్పష్టంగా తెలుస్తాయి. కట్లపాము రాత్రి తిరిగేది. మన దేశంలో 2000–2019 మధ్య పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని ఒక అధ్యయనం అంచనా, వానకాలంలోనే ఎక్కువ. కనుక తడిని తట్టుకొనేది, చేతి తొడుగుతో కూడా మీట దొరికేది, ఛార్జింగ్ ఎంత మిగిలిందో చూపేది కొనండి.

ఇంటికి రాగానే దానిని ఒకే కొక్కేనికి తగిలించండి. చీకటిపడి చాలాసేపైనా ఆ కొక్కెం ఖాళీగా ఉంటే, ఇంట్లోవారు వెదకడానికి బయలుదేరాలి. బాయి దగ్గర దీపాల గది నేర్పిన పాఠం ఇదే.