మన పరిచయం మనమే రాసుకుందాం

ఒక సదస్సులో పత్రం చదవడానికి వెళ్లాను. వంద మాటల్లో బయో పంపమని నిర్వాహకులు ముందే అడిగారు. ఏం రాయాలో తోచక పేరు, చదువు రాసి పంపాను. మిగతాది వేదిక మీద పరిచయం చేసినాయన నింపేశారు: కూలీల బిడ్డ, ఎన్నో కష్టాలకోర్చి ఇక్కడిదాకా వచ్చింది. అందులో అబద్ధం లేదు. కానీ దళితవాడల శ్మశాన భూముల మీద నాలుగేళ్లుగా చేస్తున్న పరిశోధన గురించి ఒక్క ముక్కా లేదు. చప్పట్లు జాలికి పడ్డాయి, పనికి కాదు.

మనం వదిలేసిన ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు. అందుకే బయో రాయడం నేర్చుకోవాలి.

మొదటి వాక్యంలో ఇప్పుడు చేస్తున్న పని చెప్పండి. "దళిత సమస్యలపై ఆసక్తి గల సామాజిక కార్యకర్త" అనేది ఎవరికైనా అతుకుతుంది. "ఆరేళ్లుగా గుంటూరు జిల్లాలో దళిత కౌలురైతులకు కౌలు కార్డులు ఇప్పించే పని చేస్తున్నారు" అంటే మనిషి కనిపిస్తుంది. ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏం పని: ఈ మూడూ ఉండాలి.

జీతం లేని పనీ పనే. అట్రాసిటీ కేసులో బాధితుల వెంట స్టేషన్‌కి వెళ్లడం, నిజనిర్ధారణ నివేదిక రాయడం, వాడలో సాయంత్రం బడి నడపడం... సర్టిఫికెట్ లేదని వీటిని మనమే వదిలేస్తాం. వదలొద్దు. అలాగే చదువు చెప్పుకోవడం గొప్పలు పోవడం కాదు. అంబేడ్కర్ పేరు పక్కన ఎం.ఎ., పిహెచ్.డి., డి.ఎస్‌సి., బార్-ఎట్-లా అన్నీ కనిపిస్తాయి.

కులం రాయాలా? అది మీ నిర్ణయం, అడిగినవాళ్లది కాదు. 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' రాసిన సుజాత గిడ్ల పరిచయం చూడండి. అంటరాని కులంలో పుట్టడం, వరంగల్ ఆర్‌ఈసీలో ఫిజిక్స్ చదవడం, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌ ఉద్యోగం పక్కపక్కనే ఉంటాయి. దేనికీ సంజాయిషీ ఉండదు, దేనికీ జాలి అడగదు.

ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, కేసుల్లోని బాధితుల పేర్లు పెట్టకండి. బెదిరింపులు ఉంటే ఊరి పేరు కూడా తీసేసి జిల్లాతో ఆపండి. యాభై, వంద, రెండు వందల మాటల్లో మూడు బయోలు సిద్ధంగా ఉంచుకోండి. ఆరు నెలలకోసారి సరిచూసుకోండి. పంపే ముందు ఒక మిత్రుడికి చదివి వినిపించి, "నేనేం చేస్తానో చెప్పు" అని అడగండి. చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

తర్వాతి సదస్సుకి నాలుగు వాక్యాలు రాసి పంపి, ఉన్నదున్నట్టు చదవమని కోరాను. పత్రం అయ్యాక మొదటి ప్రశ్న వెనక వరసలోంచి వచ్చింది: "ఆ శ్మశానాల పాత అడంగల్ మీకు ఎక్కడ దొరికింది? మా ఊరిది కావాలి."