ఆస్బోర్న్ స్విస్ కుటీరము

ఇంగ్లండునకు దక్షిణమునగల వైట్ ద్వీపమునందు, ఈస్ట్ కౌస్ పట్టణ సమీపమున, ఆస్బోర్న్ రాజోద్యానములో విక్టోరియా రాణి సంతానము కొఱకు 1853-54 సంవత్సరములలో నిర్మింపబడిన దారుగృహమునకు స్విస్ కుటీరమని పేరు. చూచుటకు బొమ్మరిల్లువలె నుండు నీ కట్టడము రాణి భర్తయగు ఆల్బర్ట్ రాకుమారుడు తన బిడ్డల విద్యకై సంకల్పించిన కార్యశాల.

రాణీదంపతులు 1845లో ఆస్బోర్న్ ఎస్టేటును కొని, థామస్ క్యూబిట్ అను నిర్మాత సాయమున, ఇటలీ దేశపు శైలిలో నూతన సౌధమును కట్టించిరి. ఆ సౌధమునకు కొంత దూరమున ఈ కుటీరమునకు 1853 మే 5వ తేదీన రాజకుటుంబపు బాలబాలికలే పునాదిరాయి నుంచిరి. మరుసటి సంవత్సరము రాణి జన్మదినమగు మే 24న అది వారి స్వాధీనమయ్యెను.

ఆల్ప్స్ పర్వతప్రాంతపు రైతుల కొయ్యయిండ్లను బోలి, ముందునకు చొచ్చుకొనివచ్చిన వెడల్పాటి చూరులతోను, పైయంతస్తున బాల్కనీతోను, బైబిలు నుండి గ్రహించిన జర్మను సూక్తులు చెక్కిన కొయ్యపనితోను ఇది యలరారుచున్నది. విక్టోరియా స్వయముగా స్విట్జర్లండును దర్శించినది 1868లో మాత్రమే యగుటచేత, ఆమె ఆ దేశమును చూచుటకు పదునాలుగేండ్లు ముందే దాని గృహశిల్పము ఆమె తోటలో వెలసినదన్నమాట. స్విస్ గ్రామసీమపై ఆనాటి ఐరోపా సంపన్నులకుగల మక్కువకు ఇది నిదర్శనము. క్రిందిభాగమున పిల్లల యెత్తునకు తగిన పొయ్యిలతో వంటగది, పాత్రలు కడుగుగది గలవు. పైభాగమున భోజనశాలయు, రాణి వ్రాతపనికై యేర్పఱచిన గదియు నున్నవి. రాకుమార్తెలిచ్చట వంట నేర్చి, తలిదండ్రులకు తేనీటి విందులు చేయుచుండిరి.

కుటీరమును ఆనుకొనియున్న తోటలో తొమ్మండుగురు సంతానమునకును వేర్వేరు మడులు, వారి వారి పేళ్ల పొడియక్షరములు వ్రాసిన పనిముట్లు, తోపుడుబండ్లు నుండెను. వారు పండించిన కూరగాయలకును పండ్లకును ఆల్బర్ట్ అంగడి ధర చెల్లించెడివాడు. శ్రమకును విలువకును గల సంబంధము రాచబిడ్డలకు తెలియవలెనన్నది ఆయన యుద్దేశము. బాల్యమున సోదరునితో గూడి ప్రకృతివస్తువులను సేకరించిన ఆ రాకుమారుడు బిడ్డలకును ఆ యభిరుచినే కలిగించెను. శిలాజములు, గవ్వలు, ఖనిజములు, పక్షులు క్రమముగా పెరిగి కుటీరమున ఇముడకపోగా, ఆల్బర్ట్ మరణించిన మరుసటి సంవత్సరమగు 1862లో ప్రక్కనే ప్రత్యేకముగా మ్యూజియము నిర్మింపబడెను. 1856లో ఆర్థర్ రాకుమారునికై కట్టిన చిన్న మట్టికోటయు, అనంతరము దానిలో చేర్చిన ఇటుకల బారకాసులును ఈ యావరణలోనివే. ఆర్థర్ పిమ్మట సైన్యమున ఫీల్డు మార్షలు పదవి నందెను.

విక్టోరియా 1901 జనవరి 22న ఆస్బోర్న్‌లోనే కాలధర్మము నొందినది. మరుసటి యేడు ఆమె కుమారుడగు ఎడ్వర్డ్ VII రాజు ఈ ఎస్టేటును జాతికి సమర్పించెను. ప్రస్తుతము ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ దీనిని సంరక్షించుచు, కుటీరమును, మ్యూజియమును, పిల్లల తోటను సందర్శకులకు చూపుచున్నది.