బాప్తిస్మపు రిజిస్టర్లలో మన పూర్వీకులు

సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో రాసిన పుట్టిన తేదీ మీదే మన పింఛను అంతా ఆధారపడిందన్న సంగతి సభ్యులందరికీ తెలిసినదే. అయితే మన తాత ముత్తాతలకు ఇటువంటి కాగితం ఏముంది? భూములున్న కుటుంబాలకు పట్టాలు, దస్తావేజులు, కరణాల లెక్కలు ఉన్నాయి. సెంటు భూమి లేని కూలీల వంశం ఏ రికార్డులో దొరుకుతుంది? మాది అటువంటి కుటుంబమే. అందుకే చర్చి రిజిస్టర్ల గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చిన ఉద్యోగులలో మా నాన్నగారు ఒకరు. మొదట చిక్కడపల్లిలో అద్దెకుండి, తరువాత అశోక్‌నగర్‌లో స్థిరపడ్డాము. వారి సమాధి నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో ఉంది. ఆ రాతి మీది పేరు, సంవత్సరాలతోనే నా వెతుకులాట మొదలైంది. అక్కడి నుంచి వెనక్కు వెళితే మా స్వస్థలం ఒంగోలు ప్రాంతం, గుండ్లకమ్మ ఒడ్డు.

ఆ ప్రాంతపు చరిత్ర చాలామందికి తెలిసే ఉంటుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని పేదలకు కూలి కల్పించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపివేశారు. తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మా ముత్తాతగారు ఆ తరువాతి కాలంలో చేరినవారు. ఆ ఊరి పాస్టరుగారి అనుమతితో పాత రిజిస్టరు చూశాను. అందులో వారికి రెండు పేర్లున్నాయి. ఒకటి మా ఇంట్లో అందరికీ తెలిసిన బైబిలు పేరు. రెండవది గ్రామదేవత పోలేరమ్మ పేరిట తల్లిదండ్రులు పెట్టిన పాత పేరు. అది మాలో ఎవరూ ఎన్నడూ వినని పేరు. కింది వరుసలోనే ఆయన భార్య పేరు విడిగా ఉంది. బాప్టిస్టులు చంటిపిల్లలకు గాక, విశ్వసించిన ప్రతి మనిషికీ విడివిడిగా బాప్తిస్మమిస్తారు గనుక ఆమెకూ సొంత వరుస దక్కింది.

పాత పేరు ఎందుకు, దాన్నిబట్టి కులం తెలిసిపోతుంది, వంశవృక్షంలో వద్దని మా పెదనాన్నగారి అబ్బాయి అన్నాడు. అతని భయం అర్థం లేనిది కాదు. అయినా నేను రెండు పేర్లూ రాశాను. కరువును తట్టుకుని నిలిచింది ఆ పాత పేరుగల మనిషే గదా!

వెతకదలచినవారు కొన్ని తేడాలు గమనించాలి. బాప్టిస్టు రిజిస్టరులో ఉన్నది బాప్తిస్మపు తేదీ. దాన్ని పుట్టిన తేదీ అనుకోరాదు. ఆంగ్లికన్ పద్ధతి రిజిస్టర్లలో శిశువు పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి అన్నీ ఉంటాయి. కతోలికుల జ్ఞానస్నానపు రిజిస్టరులో జ్ఞాన తలిదండ్రుల పేర్లు అదనం. ఆ మనిషికి తరువాత వివాహమైతే ఆ వివరం అంచున రాసే పద్ధతి కూడా ఉంది. ఊరి పేర్లు దొరలు విన్నట్టుగా ఇంగ్లీషులో రాసి ఉంటారు. పైకి చదివితే గాని అవి మన ఊళ్ళని తెలియదు.

కంపెనీ, బ్రిటిషు కాలాలలో మద్రాసు ప్రెసిడెన్సీ చాప్లిన్లు పంపిన నకళ్ళు నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి. మన పల్లె సంఘాల రిజిస్టర్లకు సాధారణంగా అటువంటి రెండో ప్రతి లేదు. చెదపురుగు ఒక పేజీ తింటే ఒక కుటుంబం పోయినట్టే.

కనుక సభ్యులకు నా మనవి. ముందుగా ఇంట్లోని పెద్దవారిని అడిగి పేర్లు, ఊళ్ళు రాసుకోండి. తరువాత ఆ ఊరి పాస్టరుగారి లేదా ఫాదరుగారి అనుమతి పొంది, మీ మనుమల చేత సెల్‌ఫోనుతో ఆ పేజీల ఫొటోలు తీయించండి. ఒక ప్రతి చర్చికి ఇవ్వండి. దొరికిన ప్రతి పేరునూ, ముఖ్యంగా స్త్రీల పేర్లను, ఉన్నది ఉన్నట్టు రాసి పిల్లలకు అందించండి.