వైద్య విద్యార్థుల్లో డిప్రెషన్

పరీక్ష ముందు రోజు కలిగే దిగులు డిప్రెషన్ కాదు. కనీసం రెండు వారాలపాటు దాదాపు రోజంతా మనసు కుంగి ఉండడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం దాని లక్షణాలు. 43 దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2016లో జామా పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం మందిలో డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నాయి. వారిలో చికిత్సకు వెళ్లినవారు సుమారు 16 శాతమే. మన జాతీయ వైద్య కమిషన్ 2024 నివేదికలోనూ, సర్వేకు జవాబిచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య నిర్ధారణ అయిందని చెప్పారు.

తెలంగాణలోని ధర్మపురి ప్రాంతానికి ఈ సమస్య ఈమధ్యే దగ్గరైంది. జగిత్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీలో 2022 నవంబరులో 150 సీట్లతో, సిరిసిల్లలో 2023 సెప్టెంబరులో 100 సీట్లతో తరగతులు మొదలయ్యాయి. గల్ఫ్ సంపాదన, బీడీలు, మరమగ్గాల మీద బతికే కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. అలాంటి ఇంట్లో సీటు వచ్చిన పిల్లను మొదటి ఏడాది నుంచే చుట్టాలు డాక్టరమ్మా అని పిలుస్తారు. అప్పు తెచ్చి లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించిన నాన్నకు ఫోన్ చేసి 'నాకు మంచిగ అనిపిస్తలేదు' అనడానికి ఆ పిల్లకు నోరు రాదు. చెప్పినా 'రంది పెట్టుకోకు, చదువుకో' అన్న మాటతోనే ఫోన్ పెట్టేసే ఇళ్లు ఎన్నో.

గతంలో డిప్రెషన్ రావడం, కుటుంబంలో ఎవరికైనా ఉండడం ముప్పును పెంచుతాయి. నిద్ర లేని డ్యూటీలు, తప్పిన సబ్జెక్టులు, ఒంటరితనం, ఇంగ్లిష్ పాఠాలు తెలుగు మీడియం పిల్లలకు పెట్టే ఇబ్బంది, ర్యాగింగ్ వాటికి తోడవుతాయి. ర్యాగింగ్‌ను 1997 నాటి చట్టం నేరంగా పరిగణిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి విషయం బయటపడుతుందన్న భయం. జిల్లా కాలేజీలో సైకియాట్రీ ఓపీ చూసే డాక్టరే పాఠం చెప్పే సారు. వరుసలో నిలబడితే క్లాస్‌మేట్లు చూస్తారు. కాబట్టి కాలేజీతో సంబంధం లేని కౌన్సెలర్‌ను, వివరాలు బయటికి పొక్కని పద్ధతిని ప్రతి కాలేజీ ఏర్పాటు చేయాలి.

డిప్రెషన్ మందులతోనూ, కౌన్సెలింగ్‌తోనూ నయమయ్యే జబ్బు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.